ముందుమాట: ఆరు నెలల గీత

రేనాటి గడ్డ మీద పుట్టినవాళ్లకు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడటం, 1847 ఫిబ్రవరి 22న అదే కోవెలకుంట్లలో ఉరి తీయడం, కోట బురుజుకు తల వేలాడగట్టడం, ఇవన్నీ మా ముసలివాళ్ల పాటల్లో విన్నాం, ఈమధ్య సినిమాలోనూ చూశాం. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే కళ్లంలో నుంచి మూటెడు జొన్నలు ఎత్తుకుపోతూ పట్టుబడ్డవాడి గతేమిటో మాత్రం ఏ పాటా చెప్పదు. వాణ్ని ఎవరు విచారించారు? ఎన్నాళ్లు లోపల పెట్టారు? అన్నాళ్లే ఎందుకు, ఇంకో నెల ఎక్కువ ఎందుకు వేయలేదు? ఈ పుస్తకం ఆ మూటెడు జొన్నల గురించి.

రాసింది ఆళ్లగడ్డ కోర్టులో నా దగ్గర జూనియరుగా చేరిన అమ్మాయి. సిరివెళ్ల వైపు పిల్ల. చేరిన కొత్తలో ఒక కన్నం కేసు ఫైలు చేతికిచ్చాను. సాక్షులెవరు, సొత్తు దొరికిందా అని చూడకముందే సెక్షను చూసి, "సార్, ఇది పద్నాలుగేళ్ల నేరం. మన మేజిస్ట్రేటు గారికి మూడేళ్లకు మించి వేసే అధికారమే లేదు గదా. మరి ఈ కేసు మన కోర్టులో ఎందుకుంది?" అంది. చట్టంలో అట్లే ఉంది తల్లీ, అన్నాను. ఆ జవాబుతో ఆమె ఊరుకోలేదు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడు నుంచి 1898 కోడుకు, అక్కణ్నుంచి 1872కు, 1861కి, ఇంకా వెనక్కి మన్రో దొర కాలపు రెగ్యులేషన్లకు పోయింది. కక్షిదారుల పని మానుకోలేదు, ఆదివారాలు మానుకుంది. ఇన్నాళ్లకు పుస్తకమై వచ్చింది. పెద్దవారు, నాలుగు మాటలు రాయమంటే కాదనగలనా.

ఆమె ఎంచుకున్న పద్ధతి ముందు చెప్పాలి. పుస్తకం పొడుగునా ఒకే ఒక్క మూట జొన్నలు. మూట ఊహించుకున్నదే, దొంగా ఊహించుకున్నవాడే. చట్టం మాత్రం అక్షరం అక్షరం నిజం. ఆ మూట కళ్లంలో ఉండగా ఎత్తుకుపోతే ఇండియన్ పీనల్ కోడు 379వ సెక్షను: మూడేళ్ల దాకా ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. అదే మూట ఇంట్లో గాదె పక్కన ఉండగా పోతే 380, ఏడేళ్ల దాకా. ఇంటి జీతగాడే తీస్తే 381, అదీ ఏడేళ్లే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గాని, మెకాలే మొదలుపెట్టిన కోడు వాడికోసం విడిగా ఒక సెక్షనే రాసిపెట్టింది. నడిరేయి గోడకు కన్నం వేసి తీస్తే 457, పద్నాలుగేళ్ల దాకా. జొన్నలు అవే, కొలత అదే, ఆకలీ అదే అయివుండొచ్చు. శిక్ష మూడు నుంచి ఏడుకు, ఏడు నుంచి పద్నాలుగుకు పోయింది. 1862 జనవరి 1న ఆ కోడు అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఇదే లెక్క.

ఇంతవరకు ప్లీడరు గుమాస్తాలు కూడా చెప్పగలరు. ఆమె అసలు పట్టు దాని పక్క పుస్తకంలో ఉంది. 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడు 32వ సెక్షను మేజిస్ట్రేట్లకు గీతలు గీసింది. ఫస్ట్ క్లాసు మేజిస్ట్రేటు వేయగలిగింది రెండేళ్ల ఖైదు, వెయ్యి రూపాయల జరిమానా. సెకండ్ క్లాసు మేజిస్ట్రేటుకు ఆరు నెలలు, రెండు వందలు. థర్డ్ క్లాసుకు ఒక నెల, యాభై రూపాయలు. 1872 కోడు నుంచీ మెట్లు ఇవే, కోడ్లు మారాయి గాని మెట్లు కదల్లేదు. ఇప్పుడు అదే పుస్తకం చివర ఉన్న పట్టిక తీసి చూడండి. ఏ నేరం ఎవరు విచారించవచ్చో గళ్లు గీసి ఉంటుంది. 379 ఎదురుగా, ఏ మేజిస్ట్రేటైనా అని. 380 ఎదురుగానూ అంతే. 457 ఎదురుగా సెషన్స్ కోర్టుతో పాటు ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసు మేజిస్ట్రేట్లు. పద్నాలుగేళ్ల నేరం ఆరు నెలల అధికారి ముందుకు రావచ్చునన్న మాట. రేటు పెద్దది, రేటు వేసేవాడి చెయ్యి చిన్నది.

ఈ చెయ్యి ఎంత చిన్నదో ఆమె లెక్కగట్టి చూపించిన పేజీలు పుస్తకంలో నాకు బాగా నచ్చాయి. లా కాలేజీలో మాకు ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు. దొంగకు ఆరు నెలలతో పాటు జరిమానా కూడా వేశారనుకోండి. జరిమానా కట్టలేకపోతే అదనంగా ఎన్నాళ్లు? పీనల్ కోడు ప్రకారం నేరానికున్న గరిష్ఠ శిక్షలో నాలుగోవంతు దాకా వేయవచ్చు, 379 కింద అది తొమ్మిది నెలలు. ప్రొసీజర్ కోడు 33వ సెక్షను అడ్డుపడి, ఆ మేజిస్ట్రేటు తాను వేయగల దాంట్లో నాలుగోవంతే అంటుంది. ఆరు నెలల్లో నాలుగోవంతు నెలన్నర. సరే, ఒకే విచారణలో రెండు మూడు నేరాలు రుజువైతే? కన్నానికి ఆరు నెలలు, దొంగతనానికి ఆరు నెలలు, దొంగసొత్తు దాచినందుకు ఇంకో ఆరు నెలలు అని పేర్చుకుంటూ పోవచ్చా? 35వ సెక్షను ఒప్పుకోదు. అన్నీ కలిపి తన అధికారానికి రెట్టింపు దాటకూడదు, అంటే ఏడాది. ఏ సందులో నుంచి దూరినా గీత ఎదురొస్తుంది. ఆ గీతలు గీసినవాళ్లకు మేజిస్ట్రేటు మీద అంత నమ్మకం లేదని అక్కడే తెలిసిపోతుంది.

ఎందుకు లేదు? ఆ మేజిస్ట్రేటు ఎవరో చూస్తే అర్థమవుతుంది. మద్రాసు రాజధానిలో తాలూకా స్థాయి సెకండ్ క్లాసు మేజిస్ట్రేటు అంటే చాలాకాలం తహసీల్దారే. మా ఆళ్లగడ్డ అప్పట్లో సిరివెళ్ల తాలూకాలోది. శిస్తు వసూలు చేసేది ఆయనే, జమాబందికి లెక్కలు సిద్ధం చేసేది ఆయనే, చెరువు తూముల తగాదా తీర్చేది ఆయనే, దొంగను విచారించేదీ ఆయనే. 1816 రెగ్యులేషన్లతో కలెక్టరును మేజిస్ట్రేటు చేసి, తహసీల్దారు చేతికి పోలీసు పెత్తనం కూడా ఇచ్చారు. ఆ పెత్తనం ఎట్లా నడిచిందో 1855లో మద్రాసు టార్చర్ కమిషన్ రిపోర్టు బయటపెట్టింది. శిస్తు కోసం రైతునూ, ఒప్పుకోలు కోసం దొంగ అని అనుమానించినవాణ్నీ ఒకే చావడిలో, ఒకే బంట్రోతులు చిత్రహింసలు పెట్టారని తేలింది. 1859 పోలీసు చట్టంతో పోలీసును రెవిన్యూ నుంచి విడదీశారు. విచారణ మాత్రం రెవిన్యూ చేతిలోనే మిగిలింది. అట్లా మిగిలిన చేతికి వేసిన కట్టు ఈ ఆరు నెలలు.

తహసీల్దారు ఒకచోట కూర్చుండే మనిషి కాదు. క్యాంపు ఎక్కడుంటే కోర్టు అక్కడ. ఫిర్యాది, సాక్షులు, పోలీసు వెంట ముద్దాయి, అందరూ ఆ క్యాంపు వెనక తిరగాలి. కోత రోజుల్లో సాక్షిగా పిలిస్తే రైతు ఎందుకు మొహం చాటేస్తాడో కోర్టులో నిలబడ్డ మాకు తెలుసు, ఆ రోజుల్లో ఇంకెంత ఉండాలి. తర్వాత్తర్వాత స్టేషనరీ సబ్ మేజిస్ట్రేట్లు వచ్చి ఈ బెడద కొంత తీర్చారు. వాళ్లూ రెవిన్యూ శాఖ మనుషులే. సెకండ్ క్లాసు మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద అప్పీలు జిల్లా మేజిస్ట్రేటుకు, లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన ఫస్ట్ క్లాసు మేజిస్ట్రేటుకు. జిల్లా మేజిస్ట్రేటంటే కలెక్టరు, తహసీల్దారు పై అధికారి. న్యాయశాఖను పరిపాలన నుంచి వేరు చేయాలని కాంగ్రెసు 1886 నుంచీ తీర్మానాలు చేసింది దీనిమీదే. రాజ్యాంగంలో 50వ అధికరణం ఆ తీర్మానాలకు మనవరాలు.

ఇక ఈ పుస్తకానికి గుండెకాయ లాంటి అధ్యాయం, "నంద్యాల దారి." ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. ఇప్పుడు బస్సులో గంట. ఎద్దుల బండి రోజుల్లో బేడీలు వేసిన మనిషికి, పక్కన కానిస్టేబులుకు, అదొక ప్రయాణం. విచారించిన సెకండ్ క్లాసు మేజిస్ట్రేటుకు, వీడు నేరం చేశాడు, ఆరు నెలలు చాలవు అనిపిస్తే ఏం చేయాలి? ప్రొసీజర్ కోడు 349వ సెక్షను దారి చూపింది. శిక్ష వేయకూడదు. తన అభిప్రాయం రాసి, రికార్డునూ ముద్దాయినీ నంద్యాలలోని డివిజను మేజిస్ట్రేటుకో జిల్లా మేజిస్ట్రేటుకో పంపాలి. పైవాడు కావాలంటే సాక్షులను మళ్లీ పిలవవచ్చు, అక్కర్లేదనుకుంటే కాగితం చూసి శిక్ష వేయవచ్చు. ఆయనా తన గీత దాటకూడదు, రెండేళ్లు. సాక్షి తడబడినప్పుడు మొహం చూసినవాడొకడు, శిక్ష రాసేవాడు ఇంకొకడు. ఈ ఏర్పాటు నాకెప్పుడూ రుచించలేదు. సాక్ష్యం చెవితో ఎంత వింటామో కంటితోనూ అంత వింటాం.

ఎక్కువ శిక్షకు పైకి పోవాలంటే సరే, న్యాయమే అనుకుందాం. ఆమె పట్టుకున్న రెండో సంగతి చదివి నేను ఆగిపోయాను. అదే కోడులో 562వ సెక్షను ఉంది. మొదటిసారి తప్పు చేసినవాణ్ని, వాడి వయసు, నడవడి, నేరం ఎంత చిన్నదనేదీ చూసి, జైలుకు పంపకుండా మంచి నడవడికకు పూచీకత్తు రాయించుకొని వదిలేయవచ్చు. దొంగతనం, ఇంట్లో దొంగతనం రెండూ పేరు పెట్టి మరీ అందులో చేర్చారు. ఎంత మంచి సెక్షను! తీరా కింద మెలిక చూడండి. థర్డ్ క్లాసు మేజిస్ట్రేటుకు ఆ అధికారం లేదు. ప్రభుత్వం ప్రత్యేకంగా ఇస్తే తప్ప సెకండ్ క్లాసుకూ లేదు. వదిలేయాలనిపిస్తే తన అభిప్రాయం రాసి, కాగితాలు ఫస్ట్ క్లాసు మేజిస్ట్రేటుకు పంపాలి. కొట్టాలన్నా నంద్యాల దారే, వదలాలన్నా నంద్యాల దారే.

ఇప్పుడు ఆ కుర్చీలో మీరు కూర్చోండి. ఎదురుగా పదహారు పదిహేడేళ్ల కుర్రవాడు, జొన్నల మూట, ఏడుస్తున్న తల్లి. బయట శిస్తు బకాయిదారులు వరసగా నిలబడి ఉన్నారు. రేపు జమాబంది. వదిలేద్దామంటే అభిప్రాయం రాయాలి, రికార్డు కట్టాలి, పైవాడు ఎందుకు పంపావయ్యా అని అడిగితే జవాబు చెప్పాలి. రెండు నెలలు అని రాసి సంతకం పెడితే ఆ పూటకు పని అయిపోతుంది. మనిషి ఏది చేస్తాడు? ఆరు నెలల గీత లోపల ఏదో ఒక అంకె వేసి ముగించడమే దగ్గరి దారి. శిక్ష ఎంతో నేరం నిర్ణయించిందా, మేజిస్ట్రేటు హోదా నిర్ణయించిందా అని ఆమె అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇక్కడుంది. హోదా. నేరం బరువు తూచిన తర్వాత, రాసేవాడి చెయ్యి ఎంత దూరం పోతుందో అంతవరకే రాశారు.

బెత్తం దెబ్బల గురించి ఆమె రాసింది కొంచెమే, అయినా చాలు. 1864 చట్టంతో దొంగతనానికి జైలుకు బదులు దెబ్బలు వేయవచ్చని వచ్చింది. పెద్దవాళ్లకు ముప్పై దెబ్బల దాకా, బెత్తం అరంగుళం మందానికి తగ్గకూడదని కోడులోనే రాసుంది. ఫస్ట్ క్లాసు మేజిస్ట్రేటు దెబ్బలు మాత్రమే వేస్తే దానిమీద అప్పీలు లేదు. వీపు మీద పడ్డ దెబ్బను ఏ అప్పీలు కోర్టు కొట్టేస్తుంది లెండి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఎనిమిదేళ్లు ఉండి, 1955లో పోయింది ఆ శిక్ష.

"చావడి" అనే అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి పాఠకులు కొంచెం గుండె దిటవు చేసుకోవాలి. థర్డ్ క్లాసు మేజిస్ట్రేటు కంటే కింద ఇంకో మెట్టు ఉంది, ఊరి రెడ్డి. 1816 పదకొండో రెగ్యులేషను గ్రామ పెద్దకు చిల్లర తగాదాల్లో మనిషిని పన్నెండు గంటల దాకా చావడిలో నిర్బంధించే అధికారం ఇచ్చింది. తక్కువ కులాల వాళ్లయితే ఆరు గంటల దాకా బొండకొయ్యలో వేయవచ్చంది. కులం సంగతి చట్టం పొల్లు పోకుండా రాసుకుంది. 1821లో ఈ అధికారాన్ని చిన్న చిన్న దొంగతనాలకూ పొడిగించారు. అదే ఊళ్లో, అదే మూట జొన్నలకు, ఒక కులం వాడు చావడి అరుగు మీద కూర్చుంటాడు, ఇంకో కులం వాడు రచ్చ మధ్య, ఎర్రటి ఎండలో, కాళ్లు కొయ్యలో పెట్టుకొని వచ్చేపోయేవాళ్ల మొహాలు చూస్తూ ఉంటాడు. గంటల లెక్కలో చూస్తే ఇదంతా చాలా తక్కువ శిక్ష. దొర రాసుకున్న రిజిస్టరులో అది ఆరు గంటలు. ఆ మనిషికి ఊళ్లో ఉన్నన్నాళ్లూ అది తీరని శిక్ష. పీనల్ కోడు వచ్చింది, దాని ముందు అందరూ సమానమన్నారు, హైకోర్టు వచ్చింది. ఆ రెగ్యులేషను మాత్రం ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల దాకా మద్రాసు రాజధాని చట్టాల పుస్తకంలో బతికే ఉంది.

పై కోర్టులకు గీతలు గీసినవాళ్లు ఇక్కడా గీశారు, ఆరు గంటలని. గీత కాపాడేది దాన్ని చూసేవాడు పైన ఉన్నప్పుడే. తహసీల్దారు ఆరు నెలలకు ఒక్క రోజు ఎక్కువ వేస్తే జడ్జిమెంటు నకలు దొరుకుతుంది, అప్పీలులో పోతుంది, హైకోర్టు రివిజనులో పోతుంది. రెడ్డి ఆరు గంటలకు బదులు పొద్దుగూకే దాకా ఉంచితే ఎవరికి చెప్పుకోవాలి? ఏ కాగితం చూపించాలి? ఈ తేడాను ఆమె ఆవేశపడకుండా రాసింది. ఆవేశం మనకే వస్తుంది.

1876-78 కరువు అధ్యాయం ఇంకొంచెం పెద్దదిగా రాయాల్సింది. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య దాదాపు నాలుగోవంతు తగ్గిపోయింది. కె.సి. కాలువ ఉండి కూడా. ఆ రోజుల్లో ధాన్యం దొంగతనాలు పెరిగాయి, జైళ్లు క్రిక్కిరిసిపోయాయి, లోపల జబ్బులతో జనం చచ్చిపోయారు. ఆరు నెలల శిక్ష అంటే మామూలు కాలంలో ఆరు నెలలు. ఆ రెండేళ్లలో అది కొందరికి ప్రాణాలు తీసే శిక్ష, కొందరికి రెండు పూటలా సంకటి దొరికే చోటు. కోడులో ఈ తేడాకు గళ్లు లేవు. నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారి కర్నూలు మాన్యువల్ (1886) ఆమె బాగానే చదివింది. 1872లోనే తెలుగులో శ్రీరంగరాజ చరిత్ర రాసిన చెయ్యే ఆ మాన్యువల్ రాసిందని మన సాహిత్య చరిత్రకారులు ఎంతమంది గుర్తు పెట్టుకుంటారో నాకు తెలియదు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసిన ఆ మనిషి కలంలో కరువు ఎట్లా పడిందో ఇంకో నాలుగు పేజీలు రాసుంటే బాగుండేది. రెండో ముద్రణకు అడుగుతున్నా.

ఇక మా ఇద్దరికీ పొసగని చోటు. చివరి అధ్యాయానికి ముందు ఆమె ఈ గీతను పేదవాడి నెత్తిన పట్టిన గొడుగు అంది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. మొదటిసారి పట్టుబడ్డవాడికి అది గొడుగే కావచ్చు. రెండోసారి పట్టుబడ్డవాడి సంగతి చూడాలి గదా. పీనల్ కోడు 75వ సెక్షను పాత నేరస్తుడికి ద్వీపాంతర శిక్ష దాకా తలుపు తెరిచింది. ప్రొసీజర్ కోడు అటువంటివాణ్ని మామూలుగా సెషన్స్‌కు పంపమంది. అప్పుడు మేజిస్ట్రేటు గీత ఆపే గీత అవదు, పైకి ఎక్కించే మెట్టు అవుతుంది. పోలీసు స్టేషనులో కేడీ షీటు ఉన్నవాడు మూటెడు జొన్నలకే కర్నూలు సెషన్స్ దాకా పోవచ్చు.

దానికి తోడు 1911లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకల వాళ్లను, ఇంకా ఎన్నో కులాలను పుట్టుకతో నేరస్తులని రిజిస్టరులో రాసి, వేలిముద్రలు వేయించి, రాత్రిళ్లు హాజరు పిలిచారు. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకొని బతికినవాళ్లు ఈ ఎరుకలవాళ్లు. ఉప్పు మీద సర్కారు గుత్త, ఆ వెనక రైలు వచ్చి ఆ వ్యాపారం చంపాయి. కర్నూలు జిల్లా సిద్ధాపురంలోనూ సెటిల్మెంటు పెట్టి అందులో తోశారు. ఆ చట్టం 23వ సెక్షను ప్రకారం రిజిస్టరులో ఉన్న కులం మనిషి పట్టికలోని నేరాల్లో రెండోసారి దోషి అయితే, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప, ఏడేళ్లకు తక్కువ వేయడానికి వీల్లేదు. మూడోసారి అయితే ద్వీపాంతరం. ఇన్నాళ్లూ కోడు పైన గీత గీసింది, ఇంతకంటే ఎక్కువ వేయొద్దని. ఇక్కడ గీత కిందికి దిగింది, ఇంతకంటే తక్కువ వేయొద్దని. అదే కన్నం, అదే జొన్నలు, ముద్దాయి కులం మారేసరికి గీత తలకిందులైంది. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని ఎత్తేసింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఈ చరిత్ర తెలిసీ ఆ గీతను గొడుగు అనడానికి నాకు నోరు రాదు. "సార్, ఆ గొడుగు కింద ఎవరిని నిలబెట్టలేదో కూడా నేనే రాశాను గదా" అంటుంది ఆమె. రాసింది, నిజమే. పాఠకులు చదివి ఎవరి మాట నిలుస్తుందో చెప్పండి.

అంతమాత్రాన గీత వల్ల ఏ మేలూ జరగలేదని నేననను. పైవాడి భయం కింది మేజిస్ట్రేటు చేత రాయించింది. ఏ తేదీన నేరం, ఏ తేదీన ఫిర్యాదు, ఎప్పుడు పట్టుకున్నారు, విచారణ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది, ఆలస్యం అయితే కారణమేమిటి, ఇదంతా ఒక పట్టికగా కట్టి పైకి పంపే అలవాటు ఆ రోజుల నుంచి వచ్చిందే. దాని పేరు కాలెండరు. ఆళ్లగడ్డ కోర్టులో ఈ రోజుకూ జడ్జిమెంటు ముందు ఆ పట్టిక ఉంటుంది, ఆలస్యానికి కారణం రాసే గడితో సహా. కేసుకు సీసీ నంబరు అని వేస్తారే, అందులో మొదటి సీ ఆ కాలెండరే. రోజూ ఆ నంబరు రాస్తూ, పిలుస్తూ మా వకీళ్లు ఎంతమందికి ఈ సంగతి తట్టింది?

ఇవాళ్టి సంగతులు ఆమె చివర్న కొద్ది పేజీల్లో ముగించింది, అది మంచి పని. 1973 కోడుతో ఫస్ట్ క్లాసు మేజిస్ట్రేటు చెయ్యి మూడేళ్ల దాకా సాగింది. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష, మేజిస్ట్రేటు గీత మొదటిసారి సమానమయ్యాయి. రాత్రి కన్నానికి మాత్రం పద్నాలుగేళ్లు అట్లే ఉంది, విచారించేది మూడేళ్ల మేజిస్ట్రేటే. చాలదనిపిస్తే పైకి పంపే సెక్షనూ ఉంది, నంబరు మారి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టాల్లో, అయిదు వేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తో విలువో తిరిగి ఇచ్చినవాడికి సమాజసేవ శిక్షగా పెట్టారు. 562 ఆశించింది ఏ పూచీకత్తు లేకుండా, నంద్యాల దాకా పోకుండా, ఆళ్లగడ్డలోనే చేయవచ్చిప్పుడు. మా మేజిస్ట్రేట్లు దాన్ని ఎంత వాడతారో చూడాలి.

పుస్తకం భాష గురించి ఒక మాట. చట్టం గురించి తెలుగులో రాసేవాళ్లు రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. సంస్కృతం పోసి ఎవరికీ అర్థం కాని పదాలు కట్టేవాళ్లు కొందరు, ఇంగ్లీషు వాక్యానికి తెలుగు క్రియ తగిలించేవాళ్లు కొందరు. ఈమె కోర్టు వరండాలో కక్షిదారుకు చెప్పినట్టు రాసింది. సెక్షను నంబర్లు ఎక్కువయ్యాయని అనిపించినచోట జొన్నల మూట మళ్లీ మన ముందు పెట్టింది. అక్కడక్కడ ఒకే సంగతి రెండుసార్లు వచ్చింది, ప్రూఫులు చూసినవాళ్లు పట్టుకోవాల్సింది. తేదీలు, సెక్షన్లు నేను నా పాత పుస్తకాలతో సరిచూసుకున్నాను, తప్పు దొరకలేదు. ఈమె వయసులో మేము ఇట్లాంటి పని చేయలేదు, చేయాలని తోచనూ లేదు. చిరంజీవి రచయిత్రికి నా ఆశీస్సులు.

పాఠకులకు ఒక విన్నపం చేసి ముగిస్తాను. ఈ పుస్తకంలో చట్టం ఉంది, ఊహించిన మూట ఉంది, నిజమైన మనిషి లేడు. అది రచయిత్రి లోపం కాదు, కాగితం దొరకలేదు. 1984 జనవరిలో గ్రామ మునసబు, కరణం ఉద్యోగాలు పోయినప్పుడు చాలా ఊళ్లలో చావడి కాగితాలు అటకల మీదికి పోయాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు ఎవరి ఇళ్లల్లో ఎన్ని తడిసి పోయాయో లెక్క లేదు. మిగిలినవి ఇంకా ఉన్నాయి. సిరివెళ్ల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, నంద్యాల చుట్టుపక్కల ఊళ్లలో కరణాల ఇళ్లవాళ్లు, మునసబుల మనవళ్లు, పాత ప్లీడర్ల ఇళ్లవాళ్లు, తాతల పెట్టెలు ఒకసారి తీసి చూడండి. సబ్ మేజిస్ట్రేటు కోర్టు జడ్జిమెంటు నకలు, సమను, జరిమానా రసీదు, చావడి హాజరు పట్టీ, ఏదైనా సరే, పాత కాగితాల వాడికి తూకానికి వేయకండి. మీ దగ్గరే ఉంచుకోండి, ఫొటో తీసుకోనివ్వండి చాలు. రెండో ముద్రణలో ఆ జొన్నల మూటకు ఒక నిజమైన ఊరు, ఒక నిజమైన తేదీ రావాలి.